బంజరు కింద మనిషి

ఎత్వారికి కోపం ఊరికే రాలేదు. రాంచీ మీద యుద్ధ విమానాలు తిరిగిన ఏడాది పుట్టింది. స్వాతంత్ర్యం వచ్చిందని కాగితం జెండాలు పంచిన రోజు, అవెందుకో తెలియక తనదాన్ని మేకకు తినిపించింది. పెద్ద ఫ్యాక్టరీ పునాదులు తవ్వడానికి వెళ్లిన మొగుడు సనికా మట్టిపెళ్లలు కూలి చచ్చిపోతే, తమ ముండా గిరిజనుల ఆచారం ప్రకారం అతని ఎముకలు కుండలో పెట్టి వంశపు బండ కింద దాచింది. ఏ బండ కింద ఎవరి పెద్దలుంటే ఆ నేల వాళ్లది. ముండాలకు అదే పట్టా. తనూ పోయాక ఆ కుండ పక్కకే చేరాలి. ఆవిడకు కావలసింది అంతే.

ఆ నమ్మకమే కొంప ముంచింది. భూమి కొలవడానికొచ్చిన అమీను "కాగితాలేవమ్మా?" అంటే పకపకా నవ్వింది.

"కాగితాలెందుకన్నా? మా మామ ఇక్కడే ఉన్నాడు, మా ఆయనా ఇక్కడే ఉన్నాడు. అడుగు, చెప్తారు!"

ఆ మహానుభావుడు ఆవిడ పోసిన బియ్యపు కల్లు రెండు దొప్పలు లాగించి, 'సర్కారు బంజరు' అని రాసి, దానికి ఆవిడ చేతే వేలిముద్ర వేయించుకుని పోయాడు. సిగ్గూ శరం ఉండక్కర్లేదూ!

తర్వాత రాంచీ రాజధానిగా కొత్త రాష్ట్రం విడిపోయింది. మన రాజ్యం వచ్చిందని ఊరంతా డోళ్లు కొట్టింది. ఆ మన రాజ్యమే బంజరు పేరు చెప్పి ఆ నేలను గనివాళ్లకు ధారపోసింది.

బండలు లేపే యంత్రంతో పాటు ఓ ఆఫీసరు దిగి, సాలచెట్టు కింద బల్ల వేయించుకున్నాడు.

"రాళ్లేగా అవ్వా! లారీ ఇస్తాం, కొత్త కాలనీకి తోలుకుపో."

"రాళ్లేనా? మరి కింద ఉన్నవాళ్లో?"

"రికార్డులో ఇది ఖాళీ జాగా. ఇక్కడెవరూ లేరు."

ఎవరూ లేరట! ఎనభై దాటిన మనిషికి ఒళ్లు భగ్గున మండింది. మరిది కొడుకు జురాను కేకేసింది.

"గడ్డపలుగు తేరా!"

"చావు లేకుండా బండ ఎత్తకూడదు పెద్దమ్మా! పాపం!"

"ఆ పాపం నా నెత్తిన పడనీ. ఎత్తు!"

కుండ బయటికి తీసి, కొంగుతో మట్టి తుడిచి, ఆఫీసరు ఫైలు మీద పెట్టింది.

"ఇదిగో నా మొగుడు. ఈయన ముందర రాయరా, ఎవరూ లేరని!"

ఆఫీసరు కుర్చీ పడేసుకుంటూ లేచాడు. యంత్రం నడిపేవాడూ ముండాయే. చెప్పులు విడిచి దండం పెట్టి, "నా వల్ల కాదు సార్" అని ఇంటిదారి పట్టాడు. కుండ తిరిగి బండ కిందికి చేరింది. ఆ సంగతి విన్నాక ఆ బండలు లేపడానికి ఇంకెవడూ ఒప్పుకోలేదు, యంత్రం మళ్లీ రాలేదు.

ఆ బంజరు రాత దిద్దించడానికి ఎత్వారి ఎన్ని ఆఫీసుల గుమ్మాలెక్కిందో! ఒక్కడూ ఒక్క అక్షరం మార్చలేదు. మొన్న చలికాలంలో ఆవిడా పోయింది. ఎముకలు సనికా పక్కనే పెట్టి బండ మూశారు. రికార్డులో మాత్రం ఇప్పటికీ అక్కడ ఎవరూ లేరు.