శభాష్ అన్న మిషను

పోయిన శుక్రవారం నేను చేసిన ఘనకార్యం వింటే మీరు నాతో టీ తాగడం మానేస్తారు. పర్వాలేదు, ఈ కప్పు అయ్యాక మానెయ్యండి. నవ్వొస్తే నవ్వండి కూడా. నాకు మాత్రం ఇంకా సిగ్గుగానే ఉంది.

మాదాపూర్ రాళ్ల మధ్య కొత్తగా లేచిన అద్దాల మేడలో మా ఆఫీసు. అక్కడ నా పని పెద్దవాళ్లకు చదువు నేర్పే కంప్యూటర్ ప్రోగ్రాం తయారు చెయ్యడం. తెర మీద పాఠం వస్తుంది, మనిషి మైకులో పైకి చదవాలి. సరిగ్గా చదివితే ‘శభాష్’ అంటుంది, లేకపోతే ‘తప్పు, మళ్లీ చదవండి’ అంటుంది. ఏది ఒప్పో ఏది తప్పో దానికి బోలెడు రికార్డింగులు వినిపించి మేమే నేర్పాం. చిన్న గది గోడలకు బొంతలు కట్టి, ఏసీ గాలి వచ్చే కంతలో దిండు కుక్కి, ముందు ఒప్పు చదువులన్నీ రికార్డు చేశాం. తప్పు చదువుల వంతు వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఉడికిపోతున్నామని ఒక టేబుల్ ఫ్యాను పెట్టుకున్నాం. మెల్లగానే తిరుగుతోంది కదా, ఏమవుతుందిలే అనుకున్నాను.

ఇక యాదమ్మ సంగతి. మా ఫ్లోరు ఊడ్చి తుడిచే మనిషి, మియాపూర్ నుంచి వస్తుంది. చదువు రాదు. మా డైరెక్టరు గారు ఆమెకు ఒక మాటిచ్చారు: చదవడం నేర్చుకుని అందరి ముందూ ఒక పాఠం చదివి వినిపిస్తే స్టోర్ రూం రిజిస్టరు పని ఇప్పిస్తానని. చీపురు పక్కన పెట్టి కుర్చీలో కూర్చునే పని. రెండు నెలలు పొద్దున్నే ఊడ్చడం ముగించి, ఆ బొంతల గదిలో మిషను ముందు కూర్చునేది. సైలెన్స్ ఉండాలని అప్పటికి ఫ్యాను తీసేయించాను. మిషను రోజూ శభాష్ అంటుంటే, నేను తలుపు దగ్గర నిలబడి మురిసిపోయేవాణ్ని.

శుక్రవారం డెమో. ఢిల్లీ నుంచి ఇద్దరు అతిథులు, పక్కన డైరెక్టరు గారు. సరిగ్గా ఆ రోజే కాన్ఫరెన్స్ హాల్లో ఏసీ మొరాయించింది. అతిథులకు చెమట పట్టకూడదని పరుగెత్తుకెళ్లి టేబుల్ ఫ్యాను తెచ్చి మైకు పక్కనే పెట్టింది ఎవరనుకున్నారు? నేనే.

యాదమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. గొంతు సవరించుకుని పాఠం మొత్తం ఎక్కడా తడబడకుండా చదివింది. మిషను ‘తప్పు’ అంది. మళ్లీ చదివించాను. ‘తప్పు.’ ఆమె నా వైపు చూసింది. నా చెవులతో నేను విన్నాను, ఒక్క అక్షరం పోలేదు. అయినా నేనేం చేశానో తెలుసా? అతిథుల వైపు తిరిగి, ఈమె కాస్త కంగారు పడుతోంది, సిస్టం చాలా సెన్సిటివ్ అండి, చిన్న తప్పు కూడా పట్టేస్తుంది అన్నాను. మూడోసారి కూడా చదవమన్నాను.

“నేను సరిగనే చదివిన సారూ,” అంది యాదమ్మ నెమ్మదిగా. అని లేచి వెళ్లిపోయింది. రిజిస్టరు సంగతి తర్వాత చూద్దాంలే అన్నారు డైరెక్టరు గారు.

మధ్యాహ్నం సామానంతా గదికి మోసుకొచ్చి అదే పాఠం నేను చదివాను. ఫ్యాను ఉంటే తప్పు. ఆపితే శభాష్. అనుమానమొచ్చి, ఫ్యాను ఆపేసి ఊరికే దగ్గాను. శభాష్ అంది. తప్పు చదువులన్నీ ఫ్యాను చప్పుడుతోనే రికార్డయ్యాయి మరి. ఏడాది కష్టపడి నేను దానికి నేర్పింది చదువు కాదు, ఫ్యాను చప్పుడు గుర్తుపట్టడం. అది తలచుకుని నవ్వబోయాను. అంతలోనే ఇంకోటి తట్టింది. అంటే రెండు నెలలుగా యాదమ్మ ఏం చదివినా శభాషే అన్నది కదా ఇది! ఆ ఒక్క పాఠం బట్టీ పట్టిందేమో. అసలు ఆమెకు చదువు వచ్చిందా?

కారిడార్‌లో బకెట్ నింపుతోంది. నా చేతిలో ఉన్న పేపరు ఇచ్చి, యాదమ్మా, ఇది చదువు అన్నాను. చేతులు తుడుచుకుని, శేరిలింగంపల్లిలో నీళ్ల కష్టాల గురించి వార్త మొదటి నుంచి చివరి దాకా చదివింది. రెండు వత్తుల దగ్గర ఆగింది, అంతే. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తిన్నగా డైరెక్టరు గారి దగ్గరకు తీసుకెళ్లి, తప్పు నాదండి, ఆమెది కాదు అని చెప్పాను. ఆయన స్టోర్ రిజిస్టరు తెప్పించి చదివించారు. సోమవారం నుంచి ఆ పని ఆమెదే.

బయటికొచ్చాక క్షమించమని అడిగాను. మిషను అన్నిటికీ శభాష్ అంటుంటే మరి చదువెలా వచ్చిందని కూడా అడిగాను.

“మా బిడ్డ ఆరో తరగతి సారూ. ఈడ చదివింది ఇంటికి పోయి దానికి జెప్పి దిద్దుకుంటుంటి. గీ మిషన్ సంగతి నాకు మొదటి వారమే ఎర్కైంది. ఒకనాడు కండ్లు మూసుకొని ఇంట్ల గిన్నెల పేర్లన్ని జెప్పిన. గప్పుడు గూడ శభాషే అన్నది.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“జెప్దామనే వచ్చిన. మీరేమో తలుపుకాడ నిలబడి గంత సంబురపడుతుంటిరి. మనసొప్పలే.”

సరిగ్గా ఆమె గిన్నెల పేర్లు చెప్పిన ఆ మొదటి వారమే నేను ప్రాజెక్టు రిపోర్టు పంపించాను. యంత్రం మీద అభ్యాసకురాలికి పూర్తి నమ్మకం కుదిరిందని రాసి, కింద అండర్‌లైన్ కూడా చేశాను.