మధ్య టోపీ

“…కొత్త ట్యూబులైటు ఎవరు పెట్టమన్నారు పిన్నీ? ఆ మినుకుమినుకుమనే పాతది చూసే కదా మాకు ఈ షాపు కావాలన్నది.”

“నలుగురు వస్తుంటే చెడిపోయిన లైటు ఉంచుకుంటారట్రా ఎవరైనా? గోడలకి తెల్లరంగు కూడా వేయించాను. అదీ తప్పేనా?”

పక్క కొట్లో చేప ఉండల చారు అమ్మే నాకు గోడ అవతలి మాటలన్నీ వినిపిస్తాయి. అడిగినవాడు రుయ్‌చెన్, సినిమా చదువు ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. జవాబిచ్చింది సూజెన్ అక్క. కీలుంగ్ రేవు వెనక సందులో ఆడవాళ్ల తల కడిగి, రోలర్లు చుట్టి, ఆరబెట్టి పంపడం ఆమె పెళ్లికి ముందునుంచీ చేస్తున్న పని.

ఇప్పుడు వచ్చేది కొద్దిమంది ముసలమ్మలే. భర్త తియెన్‌ఫు రేవులో పని మానేసినప్పటినుంచీ ఒకటే గొడవ. సందులో చాలా షాపులు, నాణెం వేసి ఇనుప గోళ్లతో బొమ్మలు పట్టే ఆట యంత్రాలవాళ్లకి ఇచ్చేశారు, మనమూ ఇచ్చేద్దాం అని. “నీది షాపు కాదే, గుహ” అనేవాడు. అందుకే కాలేజీ పిల్లలు వచ్చి, సినిమా తీసుకోవడానికి షాపు ఇమ్మని అడగ్గానే ఆమె మారుమాట లేకుండా ఒప్పుకుంది. తెరమీద చూశాకైనా ఆయన నోరు మూతపడుతుందని నాతో అంది.

షూటింగు రోజు పాత ట్యూబు మళ్లీ పైకెక్కింది. కొత్త రంగు మీద టీ చల్లి మరకలు చేశారు. కిటికీకి నల్లగుడ్డ కట్టి, లోపలి చివర తల కడిగే తొట్టి వెనక, నేలమీద ఒకే ఒక దీపం పెట్టారు. పొడుగ్గా ఇరుగ్గా ఉండే షాపు అది. కిందనుంచి వెలుగు పడేసరికి, కుర్చీల పైన వరసగా ఉన్న మూడు జుట్టు ఆరబెట్టే యంత్రపు టోపీల నీడలు గోడమీద మూడు తలల్లా లేచాయి. కథ కూడా అదే. వానలో ఒకమ్మాయి తల కడిగించుకోవడానికి వస్తుంది. ఆ టోపీల్లో ఒకదాని కింద ఎవరో కూర్చుని ఉంటారు.

ఇంత చీకట్లో ఏం కనబడుతుందని అక్క అడిగింది.

“అసలే కనబడకపోతే భయం ఉండదు పిన్నీ. సగం కనబడాలి,” అన్నాడు రుయ్‌చెన్, వేరుశనగ పాయసం తాగుతూ. ఆ పాయసం అందరికీ ఆమే కాచింది.

కాలేజీలో సినిమా వేసిన మధ్యాహ్నం అక్కా, తియెన్‌ఫూ, నేనూ వెళ్లాం. అక్క తన జుట్టు తనే సింగారించుకుని మూడో వరసలో కూర్చుంది. తెరమీద ఆమె షాపు తలుపు తెరుచుకోగానే వెనకనుంచి ఒకమ్మాయి, “లోపలికి వెళ్లకే,” అంది. ట్యూబు ఆరి వెలిగిన ప్రతిసారీ మధ్య టోపీ కొంచెం కిందికి దిగినట్టుండేది. నేనూ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. రోజూ వెళ్లి కబుర్లు చెప్పే చోటే అది.

అయిపోయాక ఒక మాస్టారు, సెట్టు ఎలా వేశారని అడిగారు.

“సెట్టు వెయ్యలేదు సార్. ఆ చోటే అలా ఉంది. మేం లైటు తీసేశాం, అంతే,” అన్నాడు రుయ్‌చెన్.

హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. తెల్లరంగు సంగతీ, టీ మరకల సంగతీ వాడు చెప్పలేదు. తియెన్‌ఫు మాత్రం నవ్వలేదు. భార్య సంచీ తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఎత్తిపొడవకుండా అలా జాలిపడినందుకే ఆమె ఎక్కువ చిన్నబోయిందనుకుంటాను.

ఆ వారం సినిమా చూసిన కుర్రకారు వచ్చి గుమ్మం ముందు ఫోటోలు తీసుకుని పోయారు. జుట్టు పనికి ఒక్కరూ లోపలికి రాలేదు. శనివారం ఎప్పటిలాగే కువో మామ్మ వచ్చింది. తల కడిగించుకుని, రోలర్లు చుట్టించుకుని, తను ఎప్పుడూ కూర్చునే మధ్య టోపీ కుర్చీ దాకా వెళ్లి ఆగిపోయింది. మనవరాలి ఫోన్లో ఆ సినిమా చూసిందట.

“ఇక్కడ వద్దులే సూజెన్. ఆ చివర కూర్చుంటా.”

“అది ఉత్త సినిమా మామ్మా.”

“తెలుసులేవే. అయినా వద్దు.”

అక్క చివరి టోపీ దించి మీట నొక్కింది. తర్వాత గుమ్మంలో పేపరు చదువుకుంటున్న భర్త వైపు తిరిగింది.

“ఆ బొమ్మల యంత్రాలవాణ్ణి రేపు రమ్మను,” అంది.