పసుపునీళ్లు తాగిన కెమెరాతో నెల్లూరు పోయొచ్చినాను

మా ఆయన మస్తానయ్య పోయి ఏడాది కావస్తా ఉంది. ఫోటోలు తీసేది ఆయన పని. మా పాలెంలో పెళ్లయినా, సమర్తయినా, కొత్త పడవ నీళ్లలోకి దించినా ఆయనే. ఊళ్లో అందరి మొహాలూ తీసినోడు తన మొహం తీయనియ్యలా. ఎవురన్నా ఫోను ఎత్తితే దాన్ని లాక్కోని వాళ్లనే తీసేవాడు. ఒకే ఒకటి నేను తీసినాను, పడవకి ఆనుకోని ఉంటే. "గట్టిగా పట్టుకో మే, వణికితే నీకు ఇద్దరు మొగుళ్లు కనపడతారు" అని నవ్వినాడు. ఆ నవ్వు కెమెరాలోనే ఉండిపోయింది. ఏడాది దినానికి పటం కట్టిద్దామని బయటికి తీస్తే కెమెరా లేవలా. రాత్రంతా చార్జింగు పెట్టినా లేవలా. అందుకని బయల్దేరినాను. నాకు సంతకం వరకే వచ్చు, నేను చెప్తా ఉంటే పక్కింటి టీచరమ్మ రాస్తా ఉంది.

మైపాడులో పొద్దున ఏడుగంటల బస్సు ఎక్కినాను. ఆడోళ్లకి టికెట్టు ఊరకే గానీ సీటు మాత్రం ముందొచ్చినోళ్లదే, తొందరగా పోండి. పక్కన ఒక చేపలక్క కూర్చోనుంది.

"ఒళ్లో ఏంది మే, చంటిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకోనుండావు?"

"కెమెరా అక్కా. పలకడంలా."

"పలక్కపోతే మంచిదే. మా ఆయన తాగొచ్చి ఒకటే పలకడం" అనింది. బస్సులో నలుగురూ నవ్వినారు. నాకూ నవ్వొచ్చింది, కాసేపే.

నెల్లూరులో దిగి, బండి దగ్గర ఇడ్లీ తిని, ఆటోలో ట్రంకు రోడ్డుకి పోయినాను. కెమెరాలు బాగుచేసే అంగడి పదింటికి గానీ తెరవరు. ముందే పోయి మెట్ల మీద కాళ్లు పిసుక్కుంటా కూర్చున్నాను. మీరట్టా చెయ్యొద్దు.

అంగడాయన పెద్ద సాయిబు. భాయ్ అంటారు అందరూ. తన దగ్గరుండే మంచి బ్యాటరీ వేసి నొక్కినాడు. లేవలా. "బ్యాటరీ మూత సరిగ్గా పడకపోయినా లేవదమ్మా" అని గట్టిగా అదిమి చూసినాడు. బ్యాటరీ తగిలే రేకుల్ని రబ్బరుతో రుద్దినాడు. కార్డు తీసేసి నొక్కినాడు, లెన్సు తీసేసి నొక్కినాడు. ఆయన నొక్కినప్పుడల్లా నేను ముందుకి వంగి చూస్తా ఉండాను. కడాకి మరలు ఊడదీసినాడు.

"ఏందమ్మా, లోపలంతా పసుపు?"

అప్పుడు గుర్తొచ్చింది. మాలో పెద్దదినం నాడు పోయినోళ్లు వాడినవన్నీ పసుపునీళ్లతో కడిగి మైల తీస్తారు. మా ఆడబిడ్డ పోలమ్మ చెంబులూ పళ్లేలూ కడిగి, కెమెరాని కూడా బక్కెట్లో ముంచి ఎండలో పెట్టింది. అన్న వస్తువని శ్రద్ధగా ముంచింది. ఆమెనేమంటాను?

"టీ పడినవి చూసినాను, సముద్రంలో పడినవి చూసినాను, ఇది మాత్రం..." అని భాయ్ నవ్వబోయి, నన్ను చూసి ఆగిపోయినాడు. కార్డుని కంప్యూటర్లో పెట్టినాడు. తుడిచి మళ్లీ పెట్టినాడు. ఏమీ రాలా.

"మా ఆయన ఫోటో ఒక్కటే ఒక్కటి, ఆ కార్డులోనే ఉంది భాయ్. మద్రాసు పంపిస్తే?"

"పంపుతానమ్మా. ఆశ మాత్రం పెట్టుకోవద్దు." కార్డుని కాయితంలో చుట్టి పక్కన పెడతా అడిగినాడు, "ఆధారులో మీ ఆయన ఫోటో ఉంటాది గదా?"

"అందులో మసిబొగ్గు మాదిరి ఉండాడు భాయ్."

"అయితే ఎట్టా ఉంటాడో చెప్పు. ఇప్పుడు ఫోనుకి చెప్తే బొమ్మ చేసిస్తాది."

చెప్పినాను. నలుపు. మీసం. నవ్వితే పళ్లు కనపడతాయి. పడవకి ఆనుకోనుంటాడు. మా పాలెంలో ఏ మగోడైనా అంతే గదా. కాసేపటికి ఫోను నా చేతికిచ్చినాడు. మీసంతో, తెల్లటి పళ్లతో ఎవురో నన్ను చూసి నవ్వతా ఉండాడు.

"ఈయన కాదు భాయ్."

"ఏడ తేడా ఉందో చెప్పమ్మా, మారుస్తాను. ముక్కా? కండ్లా?"

ఎంత ఆలోచించినా ఏడ తేడానో చెప్పలేకపోయినాను. అన్నేళ్లు కాపరం చేసిన మడిసి ముక్కు ఎట్టుంటాదో నాకు తెలీలా. కెమెరాని గుడ్డలో చుట్టుకోని బయటికొచ్చేసినాను. అన్నం తినలా.

తిరుగు బస్సు మూడింటికి. కిటికీ పక్కన సీటు దొరికింది. సముద్రం గాలి తగిలే దాకా కండ్లు మూసుకోనే ఉండాను, మా ఆయన మొహం వస్తాదేమోనని. ఆయన రాలా. ఆ ఫోన్లో మడిసే వచ్చి నవ్వతా నిలబడినాడు. ఇంటికొచ్చి పడుకున్నా ఆ మడిసే.

కెమెరా చెడితే ఆ అంగడికి పోండి, భాయ్ మంచోడే. ఫోన్లో బొమ్మ చేసిస్తానంటే మాత్రం చూడొద్దండి.