మోగని ఫోను

గార్డెన్ రీచ్ బస్సులో నిలబడి ఉన్నాను. కూర్చున్నవాళ్ళు నిలబడ్డవాళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకోవడం కలకత్తా ఆనవాయితీ. ఒక పెద్దావిడ నా లాప్‌టాప్ సంచి అందుకుంది. నా ఫోను మోగుతూనే ఉంది. వాట్‌గంజ్‌లోని మా తెలుగువాళ్ళ చిన్న ఆఫీసులో ప్రింటరు ఆగింది, తర్వాత నెట్టు పోయింది. కసురుకుంటూనే రెండూ ఎలా సరిచేయాలో చెప్పాను.

నా తెలుగు విని ఆవిడ అడిగింది: "ఏటి బాబూ, కంప్యూటర్లన్నీ నువ్వే సూసుకుంతావా?"

తమ మందుల దుకాణంలో ఆ పని బయటి కంపెనీకి అప్పగించేశారట. ఇంతలో దుకాణంలో కంప్యూటరు ఆగిందని ఆవిడ ఫోనూ మోగింది. "కంపెనీ కుర్రోడికి సెప్పండి" అని పెట్టేసి, నా సంచి మీదే తల వాల్చి నిద్రపోయింది. ఆ నిద్ర చూసి నాకు ఒళ్ళు మండింది.

దిగేముందు ఆవిణ్ణి లేపి అడిగాను: "మాలాంటి చిన్న ఆఫీసుకి బయటి కంపెనీ సరిపోతుందా అమ్మా?"

సంచి చేతికిస్తూ నవ్వింది. "ఆఫీసుకి సరిపోద్ది. నిన్ను పిలవడం మానేత్తే నువ్వు ఓర్సుకోగలవా?"

తర్వాత మేమూ ఆ పని కంపెనీకే ఇచ్చేశాం. పని చక్కగా సాగుతోంది. ఇప్పుడు బస్సులో ఎవరి ఫోను మోగినా నా చెయ్యి జేబులోకి పోతుంది. మోగేది పక్కవాడిది. వాణ్ణి చూస్తే ఒళ్ళు మండుతుంది.