చుట్ట బూడిద తెల్లబడేదాకా

మా కింది అంతస్తులో ఉండే రిటైర్డు ఇంజనీరుగారు ఆదివారం సాయంత్రాలు బాల్కనీలో కుర్చీ వేసుకుని, విదేశాల నుంచి తెప్పించుకున్న సిగార్ వెలిగిస్తారు. ఒకసారి లిఫ్టు దగ్గర నన్ను నిలబెట్టి మరీ, ఒకదానిలో కాఫీ గింజల రుచి ఉంటుందనీ, ఇంకోదానిలో తేనె, పాత తోలుసంచీ కలిసిన వాసన వస్తుందనీ, క్యూబా ఆకు ముందు మిగతావన్నీ గడ్డేననీ చెప్పారు. ఆ పొగ మా వంటింటి కిటికీలోంచి లోపలికి రాగానే నేను కూర్చున్నచోట కూర్చోలేను. స్టవ్ కట్టేస్తాను, బీరువా తెరుస్తాను, ఎందుకు తెరిచానో తెలియక మూసేస్తాను. వాసన బాగాలేక కాదు. ఆ పొగ వచ్చిందంటే ఎవరో ఏదో తేల్చి చెప్పబోతున్నారని, ఆ మాట మీదే మేం ఉండడమో వెళ్ళిపోవడమో ఉంటుందని నా ఒళ్ళు ఇప్పటికీ అనుకుంటుంది.

మా తాత చుట్ట మనిషి. ఆయన పుట్టింది గోదావరి దిగువన, నది మధ్య ఒక లంకలో. నేను పుట్టకముందే, ఒక వరదకు నది మా పొలాన్ని అంచుల నుంచి కోసుకుంటూ వచ్చి మొత్తం తనలో కలిపేసుకుంటే, ఆయన నాయనమ్మనీ, మా నాన్ననీ వెంటబెట్టుకుని నదికి ఎదురు బయలుదేరి, భద్రాచలం దాటి, పినపాక వైపు గోదావరి ఒడ్డున కౌలుకు భూమి పట్టాడు. ఆయన లెక్క ఒక్కటే. లంకలకు చేరే ఒండ్రు ఇటునుంచి కొట్టుకొచ్చిందే కదా, అలాంటప్పుడు లంక పొగాకు చుట్ట ఇక్కడ మాత్రం ఎందుకు రాదు? ఆ లెక్కలో తప్పు పట్టే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

చుట్ట సంగతి వస్తే ఆయనకు మొహమాటం ఉండేది కాదు. లంక చుట్ట ముట్టించగానే మీద పడకూడదు, కాసిని దమ్ములు పోయాక గానీ తానున్నానని చెప్పకూడదు, పొగ వదిలాక నాలుక మీద పచ్చివక్క నమిలినట్టు చిన్న వగరు మిగలాలి, అన్నిటికీ మించి బూడిద సుద్దలా తెల్లగా, వేలెడు పొడుగైనా రాలకుండా నిలబడాలి. బూడిద నల్లబడితే నేల మంచిది కాదు, ఇంక మాట్లాడేది లేదు. మధిర వైపు నుంచి చుట్టాలు తెచ్చే నల్లరేగడి పొగాకు అరక దున్నేవాడికి పనికొస్తుందట గానీ, మంచం మీద కూర్చుని కాల్చుకునేవాడికి పనికిరాదట. సత్తుపల్లి కిళ్ళీకొట్టు చుట్టల్ని, తడిగుడ్డ అంటించినట్టున్నాయని రెండో దమ్ముకే పారేసేవాడు. అడవి పల్లెల వాళ్ళు తునికాకులో చుట్టి ఇచ్చినదాన్ని మాత్రం రెండు చేతులా పుచ్చుకుని, ఓపికగా చివరిదాకా కాల్చి, ఆకు కమ్మగా ఉందని మెచ్చుకుని, ఇంటికొచ్చాక లోపల పొగాకు ఎక్కడుందో దొరకలేదని గొణిగేవాడు. ఒకసారి మణుగూరు బొగ్గు గనుల ఆఫీసరొకాయన, నడుముకు బంగారు రంగు కాగితం చుట్టిన విదేశీ సిగార్ ఇస్తే, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా నొక్కి చప్పుడు విని, "ఇంత ముస్తాబు చేశారంటే ఎక్కడో అనుమానం ఉన్నట్టే" అన్నాడు. అయినా వేళ్ళు కాలేదాకా వదల్లేదు. ఆ కాగితం ఉంగరం నా వేలికి తొడిగితే, చిరిగిపోయేదాకా తీయకుండా బడికి వెళ్ళాను.

వరద తీశాక నారు వేసేవాళ్ళు. చలికాలమంతా తలలు తుంచడం, పిలకలు గిల్లడం, చేతులకు పట్టిన జిగురు ఎంత రుద్దినా వదలక అన్నంలో కూడా చేదు తగలడం. ఆకు కోశాక తోరణాలు కట్టి పాకలో వేలాడదీస్తే, ఆ పాకలోకి దాగుడుమూతలకని దూరినవాళ్ళం తుమ్ములు ఆపుకోలేక వెంటనే దొరికిపోయేవాళ్ళం. ఎండాక ఆకును కుప్పలా మండె పేర్చి, లోపల వేడెక్కితే తిరగేసి మళ్ళీ పేర్చేవాళ్ళు. ఆ రోజుల్లో ఇల్లంతా ఎంత ఘాటంటే, శ్రీరామనవమికి నాయనమ్మ మిరియాలు, యాలకులు దంచి కలిపిన పానకం కూడా పొగాకు వాసనే కొట్టేది. అయినా పెద్ద గ్లాసుతో తాగి, వడపప్పు కోసం కొట్టుకునేవాళ్ళం.

తీర్పు రోహిణి కార్తెలో వచ్చేది. తాత మధ్య ఆకులు ఏరి, ఈనెలు తీసి, తడిగుడ్డలో పదును పట్టించి, తొడ మీద తనే చుట్టుకుని, వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని ముట్టించేవాడు. మేమంతా ఏదో పని ఉన్నట్టు అక్కడక్కడే తిరిగేవాళ్ళం. కౌలు మళ్ళీ మాట్లాడుకోవాలా, మూటాముల్లె సర్దుకుని ఇంకో ఒడ్డు వెతుక్కోవాలా అన్నది ఆ బూడిద మీదే ఉండేది మరి. ప్రతి ఏడూ నల్లగానే వచ్చేది. చుట్టను నేలకేసి రాసి, "ఇంకొక్క ఏడు చూద్దాం" అనేవాడు.

ఆ ఒక్క మాట మీద ఇల్లు నడిచేది. కప్పుకు తాటాకే గానీ పెంకు వేయించలేదు, పెరట్లో ఒక జామమొక్క నాటలేదు, నాయనమ్మ ఇత్తడి గుండిగలు గోనెసంచుల్లోంచి బయటికి తీయలేదు. అన్నిటికంటే కష్టం ఆవకాయ దగ్గర వచ్చేది. జాడీ నిండా పెట్టిన ఆవకాయను లారీలో కుదుపుల మధ్య తీసుకెళ్ళలేం గనుక, తాత నోరు విప్పేదాకా ఆవిడ మామిడికాయ ముట్టుకునేది కాదు. ఊళ్ళో ప్రతి ఇంట్లోంచీ కొత్త కారం, ఆవపిండి వాసన వస్తుంటే ఆవిడ ఆవాలు ఎండబోసి, ఎత్తి, మర్నాడు మళ్ళీ ఎండబోసేది. ఈలోగా కాయలు పండుబారేవి. మా ఆవకాయ ఏనాడూ కరకరలాడలేదు.

నా దిగులు వేరే. మా పక్కింటి గనికార్మికుడు కొమరయ్య కూతురు సారక్క, నేను ఒకే తరగతి. తొక్కుడుబిళ్ళకు జట్లు వేసుకునేటప్పుడు అది నన్ను పక్కకు నిలబెట్టేది. "మీరు పోతరట గద. నువ్వు మధ్యల పోతే మా జట్టు ఆగమైతది" అనేది. అది కోపంతో అన్న మాట కాదు, నిజంగానే లెక్క చూసుకుని అన్నది. నేను పుట్టింది అక్కడే, నా నోట పలికేదీ ఆ ఊరి మాటే. 'ఏంది తాతా' అంటే 'ఏంటి అనవే' అని తాత మొట్టేవాడు. కదలడమంటే ఆయనకు తన ఊరికి దగ్గరవడం, నాకు ఉన్న ఒక్క ఊరూ పోవడం. వేసవి సెలవులంతా ముంజెలు కూడా సయించేవి కావు.

నేను ఏడో తరగతిలోకి వెళ్ళవలసిన ఏడు బూడిద నల్లగా రాలేదు. తెల్లగానూ రాలేదు. తాత చుట్టను నిలువుగా పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, ఎండలోకి వంగి చూశాడు. నాన్న దడి కట్టడం ఆపేశాడు. గోడ అవతల నుంచి కొమరయ్య, "గిదే మంచిగున్నది గద పెద్దాయనా, ఇంకేంది?" అన్నాడు. తాత ఇంకో దమ్ము లాగి, కళ్ళు మూసుకుని, "లోపల చేదుందిరా. ఈ నేల ఇంతకంటే ఇవ్వదు. సర్దండి" అన్నాడు.

నాయనమ్మ చేట కింద పెట్టి లేచింది. నేరుగా వచ్చి ఆయన వేళ్ళ మధ్య నుంచి చుట్ట తీసుకుని, అందరి ఎదుటా నోట పెట్టుకుని గట్టిగా ఒక దమ్ము లాగింది. ఆవిడ చుట్ట ముట్టడం మేమెవరం అంతకుముందు చూడలేదు. దగ్గు వచ్చింది, కళ్ళు తుడుచుకుంది.

"చేదుగానే ఉంది. మీ లంక చుట్టా చేదుగానే ఉండేది. చుట్టన్నాక చేదుండదా?" అని ఆయన చేతిలో తిరిగి పెట్టి, నాన్న వైపు తిరిగింది. "రేపు కాయలు కొట్టించు అబ్బాయ్. నేను కదల్ను."

తాత ఆ వారమే బస్సెక్కి ఒక్కడే లంక వైపు వెళ్ళిపోయాడు. వస్తాడో రాడో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆవకాయ కలుస్తోంది, ఏరి తెచ్చిన పచ్చికాయలు కత్తి కింద ఫెళ్ళుఫెళ్ళున తెగుతున్నాయి, నాయనమ్మ మోచేతుల దాకా కారం. నేను మాత్రం బస్సు హారన్ వినిపించినప్పుడల్లా రోడ్డు మీదికి పరుగెత్తేదాన్ని. మేం ఉండిపోతున్నామన్న సంతోషం నాకు మిగల్లేదు. ఆయన లేకుండా ఉండిపోవడం నేను కోరుకున్నది కాదు.

తొలకరికి ముందు చంకలో లంక చుట్టల కట్టతో దిగాడు. కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చుని ఒకటి ముట్టించాడు. బూడిద ఆయన చెప్పినట్టే సుద్దలా తెల్లగా నిలబడింది. సగం కాల్చి ఆపేసి, మిగిలిన కట్ట కొమరయ్యకు ఇచ్చి, నన్ను మా పొలం ఆకు రెండు తెమ్మన్నాడు.

"ఏంది తాతా, అది మంచిగ లేదా?" అన్నాను.

ఆయన నన్ను మొట్టలేదు. "అదే చుట్టే. ఏం మారలేదు. ఏమో మరి, పడలేదు" అన్నాడు. తర్వాత కూడా ప్రతి రోహిణిలో మా చుట్ట కాల్చి తిడుతూనే ఉన్నాడు. అప్పటికే ఆవకాయ జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టేసి ఉండేది. ఆయన పోయింది కౌలుకొచ్చిన ఆ ఊళ్ళోనే.

ఇప్పుడు ఆ ఒడ్డున జామాయిల్ తోటలు. పొగాకు పాకలు లేవు, మండె తిరగేసేవాళ్ళు లేరు, తొడ మీద చుట్ట చుట్టగలిగిన చెయ్యి ఊళ్ళో ఒక్కటీ లేదని విన్నాను. మేం ఉన్న ఈ ఫ్లాటు మావారికి నచ్చదు. గాలి రాదంటారు, నీళ్ళు ఉప్పనంటారు, వేసవి రాగానే ఇంకో పేటలో ఇల్లు చూసొచ్చి వర్ణిస్తారు. కిందటిసారి మారినప్పటి అట్టపెట్టెలు కొన్ని విప్పనే లేదు. ఆయన చెబుతున్నంతసేపూ మా అమ్మాయి పుస్తకం ముందు పెట్టుకుని, చదవకుండా, నా మొహమే చూస్తుంటుంది. దాని చూపు నాకు తెలుసు. నాయనమ్మ ఆ రోజు చేట కింద పెట్టి లేచిన వయసుకు నేనూ దగ్గరపడ్డాను. కదలనని ఒక్క మాట అంటే చాలు. అది నోటిదాకా వస్తుంది, అయినా ప్రతిసారీ లేచి వెళ్ళి స్టవ్ వెలిగిస్తాను.