కిటికీ లేని గదికి ఇద్దరం

ఓడ ఎక్కాలన్న కోరిక నాకు రిటైరయ్యాక పుట్టింది. ముప్పై ఏళ్ళు విజయవాడలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెప్పాను. ఒడ్డు కనబడని చోట నిలబడి ఒకసారి నాలుగు వైపులా చూడాలనిపించింది. పెళ్ళి చేసుకోలేదు. పటమటలో చిన్న ఫ్లాటులో ఒక్కదాన్నే ఉంటాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

విశాఖ నుంచి బయలుదేరే ఓడ ఒకటి చూసుకున్నాను. వెబ్‌సైటులో పెద్ద అక్షరాలతో ఒక ధర ఉండేది. నా ఒక్క పేరు కొట్టగానే అది దాదాపు రెట్టింపయ్యేది. రెండు మూడు చోట్ల వెతికి, విసిగిపోయి, బెంజి సర్కిల్ దగ్గర మేడ మీదున్న ఒక ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళాను.

"ఆ రేటు గదిలో ఇద్దరుంటే మనిషికి ఇంత అని మేడమ్," అన్నాడు అది నడిపే ఆయన. "ఒక్కరే వెళ్తే రెండో మంచానికి కూడా మీరే కట్టాలి."

"ఖాళీ మంచానికా?"

"ఖాళీ అని మనం అనుకుంటామండీ. వాళ్ళ లెక్కలో అందులో మనిషి ఉన్నట్టే."

ఆయన మామూలుగానే అన్నాడు. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

వారం తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. పామర్రు నుంచి ఇంకొకావిడ కూడా ఒంటరిగా వెళ్ళాలనుకుంటోందట. ఇద్దరం కలిసి కిటికీ లేని లోపలి గది తీసుకుంటే అంతకన్నా చవక ఇంకెక్కడా దొరకదన్నాడు. "ఆవిడ ఆర్నెల్లుగా రోజూ రేట్లు చూస్తోందండీ. ఎప్పుడు తగ్గుతాయో నాకే చెబుతోంది. మీరొకసారి మాట్లాడండి."

ఫోన్‌లో ఆమె గొంతు మెత్తగా ఉంది. నన్ను ఇబ్బంది పెట్టింది గొంతు కాదు, దాని వెనక ఏ చప్పుడూ లేకపోవడం. ఫ్యాను లేదు, కాకి లేదు, బండి హారన్ లేదు. మూత పెట్టిన బిందెలోంచి మాట్లాడుతున్నట్టుంది.

"మంగళవారం దాకా ఆగండి, ఇంకొంచెం తగ్గుద్ది," అంది. "గది మాత్రం లోపలిదే తీసుకుందామండీ." మళ్ళీ తనే అడిగింది: "చీకట్లో పడుకోవడం మీకు అలవాటేనా అండీ?"

ముక్కూ మొహం తెలియని మనిషితో అన్ని రోజులు ఒక గదిలో ఎలా ఉంటాం? సోమవారం పొద్దున బస్సెక్కి పామర్రు వెళ్ళాను.

అది ఆమె తమ్ముడి ఇల్లు, రోడ్డుకి కొంచెం లోపలగా. ఇంటి వెనక నుంచే వరి చేలు మొదలవుతాయి. తమ్ముడు ఊళ్ళో లేడు. అతని భార్య తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, నా పక్కనే నిలబడింది.

"మా వదిన పైన ఉందండీ. కిందకి రాదు. మీరే వెళ్ళండి." మెట్ల దాకా వచ్చి గొంతు తగ్గించింది. "నిజంగా ఓడెక్కుద్దంటారా? ఆవిడ గది దాటి నాలుగు నెలలైంది."

పైన ఒకే గది. దానికి ఒకప్పుడు కిటికీ ఉన్నట్టుంది. ఇప్పుడు ఆ చోట ఇటుకలు పేర్చి సిమెంటు పూశారు. సున్నం కూడా వెయ్యలేదు. గదికి అడ్డంగా కొత్త చెక్క గోడ ఒకటి కట్టించి, ఉన్న చోటుని సగం చేశారు. రెండు సన్నటి మంచాలు, మధ్యన ఒక మనిషి నిలబడేంత సందు. ఒక మంచం మీద యాభై దాటిన ఆవిడ, తెల్లటి నూలు చీరలో, బ్యాటరీ లైటు పక్కన పెట్టుకుని కూర్చుంది.

"కొలతలు ఓడవాళ్ళు ఇచ్చినవేనండీ," అంది. "ముందు నించీ అలవాటు చేసుకుంటున్నాను. అది మీ మంచం. కూచోండి."

రెండో మంచం మీద దుప్పటి చక్కగా పరిచి ఉంది. దిండు మధ్యలో మాత్రం, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు, చిన్న గుంట ఉంది. దాని పక్కగా కూచున్నాను.

ఆమె తలుపేసి లైటు ఆర్పింది.

"ఒక్క అయిదు నిమిషాలండీ. మీరు తట్టుకోగలరో లేదో చూద్దాం."

అంత చీకటి నేనెప్పుడూ చూడలేదు. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. ఆ చీకట్లో ఆమె చెప్పింది. వాళ్ళది దివిసీమ చివర, సముద్రం పక్క ఊరు. ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకి ఏడేళ్ళు. వాళ్ళమ్మ ఆమెనీ చంటివాడైన తమ్ముణ్ణీ ఊళ్ళో ఒక ఆసామి డాబా మీదున్న ధాన్యం కొట్లో పెట్టి బయట గొళ్ళెం వేసింది. కింద ఉండిపోయిన ఈమె చెల్లెలి కోసం మళ్ళీ దిగింది. ఆ కొట్టుకి కిటికీ లేదు.

"రెండో రోజు ఎవరో వచ్చి తలుపు తీశారండీ. అమ్మా, నాన్నా, చెల్లీ ముగ్గురూ దొరకలేదు. అంటే సముద్రంలోనే ఉన్నారు కదా. ఒకసారి వాళ్ళున్న చోటికి వెళ్ళిరావాలి."

"కిటికీ ఉన్న గదికి ఇంకాస్త ఎక్కువవుతుంది, అంతే," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "అది తీసుకుందామా?"

"వద్దండీ. మనం చూస్తే వాళ్ళూ చూస్తారు."

ఇటుకల అవతల నీళ్ళ చప్పుడు మొదలైంది. ఎవరో మోటారు వేసి ట్యాంకు నింపుతున్నారనుకున్నాను. ఆ చప్పుడు గోడ వెంట పైకి, ఇంకా పైకి వచ్చింది. తలుపు ఏ వైపుందో గుర్తు తెచ్చుకోబోయాను. తెలియలేదు. నేలని పాదాలతో గట్టిగా అదిమి కూచున్నాను.

ఆమె లైటు వేసింది. "పర్లేదు, మీరుంటారు," అంది.

కిందకి వస్తే ఎండ వాలిపోయి ఉంది. నేను పైకి వెళ్ళింది పదకొండింటికి. గోడ గడియారంలో మూడవుతోంది.

"మోటారు ఇంతసేపు వేశారేంటండీ?" అని ఆమె మరదల్ని అడిగాను.

"మోటారా? పొద్దున్నించీ కరెంటే లేదండీ," అంది ఆమె.

వద్దని చెప్పేద్దామనే తిరుగు బస్సెక్కాను. మర్నాడు మంగళవారం. ఆమె చెప్పినట్టే రేటు తగ్గింది. సాయంత్రంలోగా చెప్పకపోతే గది పోతుందన్నాడు ట్రావెల్స్ ఆయన. సరేనన్నాను. చవక చూసి ఒప్పుకున్నానని తెలిసినవాళ్ళకి చెప్పాను. నిజానికి ఆమె ఒక్కతే ఆ చీకటిలో రెండో మంచం పక్కన పడుకుని ఉండటం నేను ఊహించుకోలేకపోయాను.

ఓడ ఎక్కేదాకా ఆమె కొంగు కళ్ళ మీదికి లాక్కునే వచ్చింది. లోపల మా గది అచ్చం ఆ గదే. లైటు వెయ్యకుండానే ఆమె సబ్బు, చెప్పులు, మంచినీళ్ళ సీసా తీసుకునేది. నేను నాలుగుచోట్ల మోకాలు కొట్టుకున్నాను. ఆమె బయటికి రాలేదు. పైన డెక్కు మీద జనం ఫోటోలు తీసుకుంటుంటే, నేను ఇడ్లీలు పళ్ళెంలో పెట్టుకుని కిందకి మోసేదాన్ని. ఒడ్డు కనబడకుండా పోయినప్పుడు నాలుగు వైపులా చూశాను కూడా. నేను అనుకున్నంత సంతోషం కలగలేదు. చుట్టూ అంత నీరు ఉండగా, కింద ఆ గదిలో కూచున్న మనిషే గుర్తొచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం భోంచేసి కునుకు తీశాను. మెలకువ వచ్చేసరికి ఆమె మాట్లాడుతోంది. ఏడేళ్ళ పిల్ల గొంతుతో.

"అమ్మా." ఆగింది. "నాన్నా." ఆగింది. "చెల్లీ."

బడిలో హాజరు వేసినట్టు, పిలిచి కాసేపు ఆగుతోంది. మళ్ళీ మొదటినుంచి పిలుస్తోంది. నేను లైటు వెయ్యలేదు. చెయ్యి కదపలేదు. మూడోసారి "చెల్లీ" అన్నాక, ఆమె మంచం వైపు నుంచి కాదు, నా కాళ్ళ దగ్గరగా, చిన్నగా ఒక "ఊఁ" వినబడింది.

తర్వాత ఆమె తన మామూలు గొంతుతో, "మేలుకునే ఉన్నారా అండీ? పైకి వెళ్దాం రండి," అంది.

మెట్లెక్కేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. డెక్కు అంచున రెయిలింగు దగ్గర కళ్ళు మూసుకుని నిలబడింది. పక్కన ఎవరో పిల్లలు పకోడీలు తింటున్నారు. కాసేపటికి కళ్ళు తెరిచి నీళ్ళని చూసింది. ఎండలో కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా చూస్తూనే ఉంది.

"ఏమీ లేదండీ," అంది చివరికి. "ఎవరూ లేరు. ఇన్నేళ్ళూ ఉన్నారనుకున్నాను. నేను పిలిస్తే మీకేమన్నా వినబడిందా?"

నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. పాఠం తప్పు చెబితే ఆ గంటలోనే ఒప్పేసుకునేదాన్ని.

"లేదండీ," అన్నాను. "ఏమీ వినబడలేదు."

ఆమె తలూపింది. ఆకలేస్తోందంది. ఇద్దరం వెళ్ళి పెరుగన్నం పెట్టించుకుని, జనం మధ్యన కూచుని తిన్నాం. ఆమె రెండోసారి కూడా పెట్టించుకుంది.