పిచ్చుక మేడం కొత్త బండి

ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టడం నేర్పింది పిచ్చుక మేడమే. పిచ్చుక ఆవిడ పేరు కాదు, ఆవిడ కారు పేరు. అగ్గిపెట్టెంత బండి. కంపెనీ ఆ మోడల్ ఎప్పుడో ఆపేసింది, ఆవిడ ఆపలేదు. "పిచ్చుక మీద నేర్చుకున్నా" అంటే ఇరుకు సందులో రివర్స్ వచ్చినట్టే లెక్క. చివరికి ఇంజను చేతులెత్తేసింది. బండి మార్చకపోతే డ్రైవింగ్ స్కూలు మూత. మారిస్తే పేరు పోతుంది. పేరు పోతే జనం వీధి చివర కొత్త స్కూలుకు పోరూ?

సరిగ్గా అప్పుడే పేపర్లో సగం పేజీ ప్రకటన: 'పిచ్చుక మళ్ళీ వచ్చింది!'

"ఏవండోయ్! మన పిచ్చుక వచ్చేసింది!"

"ఎక్కడికి, కిటికీలోకా?" అన్నాడు భర్త, గడ్డం గీసుకుంటూ.

"కారండీ బాబూ! చొక్కా వేసుకోండి, పదండి!"

కొత్త పేరును జనం నోట పలికించాలంటే కంపెనీకి తడిసి మోపెడవుతుంది. పాత పేరైతే మనమే ఊరికే మోసిపెడతాం. ఆ మోతకు అభిమానమని ముద్దుపేరు కూడా పెట్టుకున్నాం. ఆ ముక్క వినే ఓపిక ఆవేళ ఆవిడకు లేదు. బస్సులో కూర్చుని కూడా ఎడమ కాలితో లేని క్లచ్ తొక్కుతూనే ఉంది.

షోరూములో ముసుగు తీశారు. ఏనుగంత బండి.

"ఇది పిచ్చుకా? ఏం మేపారయ్యా దీనికి?" అన్నాడు భర్త.

"నడిపి చూడండి మేడం," అన్నాడు సేల్స్‌మన్.

ఆవిడ చటుక్కున ఎక్కి, సీటు జరుపుకుని, బెల్టు బిగించింది. "ఊఁ, పోనివ్వు బాబూ."

"మేడం... స్టీరింగు అటుంది."

ఇన్నేళ్ళూ పక్క సీట్లోంచే బండి నడిపించిన మనిషి మరి! కాలు అప్పటికే తన వైపు ఉండాల్సిన రెండో బ్రేకు కోసం వెతుకుతోంది. భర్త పొట్ట పట్టుకుని నవ్వాడు.

అటు మారి కూర్చుంది. అక్కడా ఎడమ కాలికి ఏమీ తగల్లేదు.

"క్లచ్చేదీ?"

"అంతా ఆటోమేటిక్కే మేడం. క్లచ్ మోడల్ చెయ్యట్లేదు."

"మరి నేనేం నేర్పాలి నాయనా, హారన్ కొట్టడమా?"

"పేరుందిగా, సర్దుకుపోదామా?" భర్త గొణిగాడు.

ఆవిడ దిగి, ఆ ఏనుగు నుదుటి మీద మెరుస్తున్న 'పిచ్చుక' అక్షరాలను చూసింది. ఉన్నట్టుండి మొహం వెలిగింది. భర్త చెయ్యి పట్టి రోడ్డు దాటించి, ఎదురుగా ఉన్న వేరే కంపెనీ షోరూములోకి లాక్కుపోయింది. అక్కడ క్లచ్ ఉన్న బుల్లి కారుంది.

కొత్త బండి ఇంటికొచ్చిన రోజు స్క్రూడ్రైవర్ తెచ్చి, పాత కారు వెనక ఉన్న పేరు ఊడదీసి దీనికి అంటించింది.

"ఇది పిచ్చుక కాదుగా!" అన్నాడు భర్త.

"వాళ్ళదీ కాదుగా! పేరు పీకి నచ్చిన బండికి అంటించుకోవడం వాళ్ళే నేర్పారు."

అంతలో పాఠానికి ఓ నర్సు వచ్చింది. "మేడం, ఇదేనా కొత్త పిచ్చుక?"

"ఇదే! డిక్కీ మీద మాత్రం చెయ్యెయ్యకు తల్లీ, గమ్ ఇంకా ఆరలేదు."